సోమవారం కోటు

ఆ వీసా సైట్‌ని తయారుచేసినవాళ్ళెవరో గానీ, ఎప్పుడైనా నాకు ఎదురుపడితే మాత్రం మాలో ఒకరమే మిగులుతాం. టైపు చేస్తున్నా, చేయకపోయినా, ఇరవై నిమిషాలు కాగానే "మీ సమయం ముగిసింది" అని మెడపట్టి బయటికి గెంటేసేది. మళ్ళీ మొదటి పేజీ. మళ్ళీ ఇంటిపేరు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే వేరేవాళ్ళు కట్టిన ఫారాలని పగలగొట్టడం. పేరు గడిలో అంకెలు కొట్టి, పుట్టినతేదీ గడిలో వచ్చే ఏడాది పెట్టి, అది ఎక్కడ చతికిలబడుతుందో చూసి, కట్టినవాడికి మర్యాదగా చెప్పడం. కాబట్టి మా ఇంట్లో ఏ ఫారమైనా నా ఒళ్ళోనే పడుతుంది. ఫోను మొరాయించినా నేనే, ఫ్యాను ఆగినా నేనే. "కంప్యూటర్లు చదివావు కదే, ఫ్యాను తెలీదా?" అంటుంది అమ్మ.

ఆ వేసవిలో వచ్చినవి రెండు. అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. పెద్దమ్మ ఉన్న దేశానికి.

పెద్దమ్మకి చూపు పోతోంది. మధ్యలోంచి పోతోందట. ఎదురుగా ఉన్న మనిషి మొహం కనపడదు, వెనకాలున్న గోడ మాత్రం శుభ్రంగా కనపడుతుంది. చలికాలం వచ్చేసరికి ఆ గోడ కూడా ఉండదన్నారు డాక్టర్లు. "వస్తే ఇప్పుడే రా. ఆలస్యం చేశావంటే నువ్వు నన్ను చూసి పోవడమే గానీ, నేను నిన్ను చూసేదేం ఉండదు" అంది ఫోన్లో. అక్కచెల్లెళ్ళిద్దరూ ఎప్పుడో నేను పుట్టకముందు పోట్లాడుకుని, అమ్మమ్మ పోయిన రోజు ఫోన్లో ఏడ్చుకుని మళ్ళీ కలిశారు. ఎందుకు పోట్లాడుకున్నారని అడిగితే అమ్మ "అదో పెద్ద కథలే" అనేది, చెప్పేది కాదు. పెద్దమ్మ ఆ మాట అన్న రోజే అమ్మ సూట్‌కేసు దింపి మంచం మీద తెరిచిపెట్టింది. ఇక మూయలేదు. రాత్రిళ్ళు దాని పక్కనే ఒత్తిగిలి పడుకునేవాళ్ళు పాపం ఇద్దరూ.

అమ్మ వీధి చివర మందులషాపుకి కూడా నాన్నని వెంటేసుకుని వెళ్ళే మనిషి. ఆయన రాకపోతే ఆవిడ వెళ్ళడమనే ప్రశ్నే లేదు.

అమ్మ ఫారం ఒక పూటలో అయిపోయింది. నాన్నది మొదలుపెట్టాం. భోజనాల బల్ల మీద లాప్‌టాప్, ఎదురుగా నాన్న చేతులు కట్టుకుని, వేలిముద్రలకి పిలిచినట్టు.

"ఎప్పుడైనా ఆయుధాలు అమ్మావా?"

"లేదు."

"ప్రభుత్వాన్ని కూలదోసే ప్రయత్నం చేశావా?"

"నాకు షాపు షట్టర్ దించడానికే ఓపికుండదు."

"అంత సీను లేదు ఈయనకి. లేదని పెట్టు" అంది అమ్మ వంటగదిలోంచి.

"ఎప్పుడైనా, ఏ కోర్టులోనైనా, ఎంత పాతదైనా, ఎంత చిన్నదైనా, ఏ నేరానికైనా శిక్ష పడిందా?"

"నీళ్ళు తాగొస్తా" అని లేచాడు నాన్న.

ఆయన నీళ్ళు తాగి వచ్చేసరికి మా సమయం ముగిసింది. మర్నాడు అదే ప్రశ్న దగ్గర షాపులో మోటారు ఆపలేదేమోనని అనుమానం వచ్చి పరిగెత్తాడు. ఆ మర్నాడు కళ్ళజోడు కనపడలేదు. ఇల్లంతా వెతికాం. అది ఆయన నుదుటి మీదే ఉంది.

ఒకే మెట్టు దగ్గర, ప్రతిసారీ, ఒకేలా పడిపోతుంటే మా ఆఫీసులో దాన్ని దురదృష్టం అనరు. బగ్గు అంటారు.

*

నాన్నది డ్రై క్లీనింగ్ షాపు. ముందు కౌంటరు, వెనక మెషీన్లు, మధ్యలో పాలిథిన్ కవర్లు తొడుక్కుని వేలాడే బట్టలు. ప్రతి బట్టకీ లోపలివైపు చిన్న గుడ్డ పీలిక, దాని మీద చెరగని ఇంకుతో నంబరు. ఎవరి బట్ట ఎవరిదో చెప్పేది ఆ పీలికే.

ఆ షాపులో ఒక ఆచారం ఉంది. మరకున్న బట్ట తెస్తే నాన్న మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఏం పడింది? ఎప్పుడు పడింది? దాని మీద మీరేం చేశారు? జవాబులు చెప్పందే రసీదు చింపడు. నేను వెళ్ళేసరికి ఒక పెద్దమనిషి బూడిదరంగు కోటు పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

"ఏం పడిందో నాకు తెలీదండీ."

"తెలీకుండా పడదు సార్."

"టీ అనుకుంటా."

"టీ అంచు ఇలా ఉండదు."

ఆయన అటూ ఇటూ చూశాడు. "సరే, మందు. ఎర్రది. మా ఆవిడకి చెప్పకండి."

"నాకు మీ ఆవిడతో పనిలేదు. దీని మీద ఏం చేశారు?"

"సబ్బు రుద్ది ఇస్త్రీ పెట్టా."

నాన్న కళ్ళు మూసుకున్నాడు, ఎవరో పోయిన కబురు విన్నట్టు. "మరక మీద వేడి పెడతారా సార్ ఎవరైనా? ఉత్త మరకయితే పోయేది. ఇస్త్రీ పెట్టారు, ఇప్పుడది బట్టలో భాగమైపోయింది."

పెద్దమనిషి తిట్లు తిని, రసీదు తీసుకుని, థాంక్స్ కూడా చెప్పి వెళ్ళాడు. నేను కౌంటరు తలుపెత్తి లోపలికెళ్ళాను.

"నాన్నా, ఇప్పుడు నిన్ను అడుగుతా. ఏం పడింది?"

నాన్న నన్ను వెనకగదిలోకి తీసుకెళ్ళి స్టీమ్ ప్రెస్ ఆన్ చేశాడు. అది బుస్సు బుస్సుమంటుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. నాకూ సగం వినపడలేదు. రెండుసార్లు చెప్పించుకోవాల్సి వచ్చింది.

ఇరవై రెండేళ్ళప్పుడు నాన్న ఒక పెద్ద లాండ్రీలో పనిచేసేవాడు. అక్కడ అందరికీ తెలిసిన రహస్యం ఒకటుండేది, సోమవారం బట్టలు. శనివారానికే సిద్ధమై, సోమవారం గానీ ఎవరూ తీసుకెళ్ళని బట్టలు. ఆదివారం అవి పనివాళ్ళ ఒంటి మీద ఉండేవి. సాయంత్రానికి మళ్ళీ ప్రెస్ కొట్టి తగిలించేసేవాళ్ళు.

"ఆదివారం మేం నడిచొస్తుంటే ఊళ్ళో డాక్టర్లూ లాయర్లూ అంతా ఒకేసారి షికారుకి బయల్దేరినట్టుండేది" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం మొహంలో కాస్త వెలుగొచ్చింది.

ఒక ఆదివారం నాన్న అమ్మా వాళ్ళింటికి వెళ్ళాలి, పెళ్ళి మాట అడగడానికి. ఉన్నవి రెండు చొక్కాలు, రెండూ మోచేతుల దగ్గర పలచబడ్డవే. ఒక పళ్ళడాక్టరుగారి నీలం ఉన్ని కోటు వేసుకెళ్ళాడు. అక్కడ మర్యాదలు బాగానే జరిగాయి. ఇక్కడ మాత్రం పళ్ళడాక్టరుగారి బంధువెవరో హఠాత్తుగా పోయాడు. చావుకెళ్ళడానికి కోటు కావాలని ఆయన ఆదివారం సాయంత్రమే వచ్చేశాడు. కోటు లేదు. లాండ్రీ ఓనరు తన మీదికి రాకుండా పోలీసుల్ని పిలిచాడు. నాన్న ఈల వేసుకుంటూ లోపలికి అడుగుపెట్టేసరికి బెంచీ మీద కానిస్టేబులున్నాడు.

"ఒప్పుకుంటే తొందరగా తేలిపోతుందన్నారు, ఒప్పుకున్నా. జరిమానా, రెండు వారాలు లోపల."

"అమ్మకి?"

"మెషీన్ ట్రైనింగుకి వెళ్తున్నానని కబురు పంపా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మా నాన్నకి కోటు లేదు. ఊరందరి కోట్లూ ఉతుకుతాడు, పెళ్ళిళ్ళకి చలిలో కూడా చొక్కాతోనే వస్తాడు, ఫోటోల్లో అందరి మధ్యా చేతులు కట్టుకుని వణుకుతుంటాడు. అడిగితే "నాకు ఉక్క" అంటాడు. ఇదా ఉక్క!

"ఇది దొంగతనమేంటి నాన్నా, ఇంత చిన్న విషయం. అవునని పెట్టేసి, కింద జరిగింది రాసేద్దాం."

"వద్దు. లేదని పెట్టు."

"టీ అని చెప్పినందుకు ఇప్పుడే కదా ఆయన పరువు తీశావు?"

"అది బట్టమ్మా" అన్నాడు నాన్న, చాలా ఓపిగ్గా. "అమ్మకి తెలీకూడదు."

*

అక్కడితో అయితే బాగుండేది. తర్వాతి పేజీలో ఇంకో ప్రశ్న ఉంది. గతంలో మా దేశానికి వీసా అడిగారా?

అడిగాడు. కొన్నేళ్ళ క్రితం లాండ్రీ మెషీన్ల ఎగ్జిబిషన్‌కి షాపులవాళ్ళంతా కలిసి వెళ్దామనుకున్నారు. వీసా కూడా వచ్చింది. తీరా బయల్దేరే ముందు నాన్నకి నడుం పట్టేసింది. టికెట్ డబ్బులు గంగపాలు. అమ్మ వారంపాటు వేడినీళ్ళ సంచీ పట్టి తిరిగింది. నాకు బాగా గుర్తు.

"అప్పుడు ఆ శిక్ష ప్రశ్నకి ఏం పెట్టావు?"

"నేనేం పెట్టలేదు. గ్యారంటీ పెట్టాడు."

గ్యారంటీ అంటే ట్రావెల్ ఏజెంటు. ప్రతి మాటకీ చివర గ్యారంటీ అంటాడు కాబట్టి అసలు పేరు అందరూ మర్చిపోయారు. నేనూ నాన్నా వెళ్ళాం. ఆయన ఆఫీసు ఒక మెట్లకింది గది. గోడల నిండా జలపాతాల పోస్టర్లు, మూలన నీళ్ళు రాని వాటర్ ఫిల్టరు.

"లేదు అని పెట్టానమ్మా. అందరికీ లేదే పెడతా, గ్యారంటీ."

"అడిగారా మా నాన్నని?"

"అడిగితే జనం ఆలోచిస్తారు. ఆలోచిస్తే ఆలస్యమవుతుంది, గ్యారంటీ."

"ఇప్పుడు అవునని పెడితే?"

"ఎందుకు పెడతావు?" నిజంగానే అర్థంకానట్టు చూశాడు. "లేదు మీద లేదు పెట్టు. ఎవరు చూడొచ్చారు? గ్యారంటీ."

"వాళ్ళు చూస్తారండీ. ఈ మధ్య పోలీసు రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. దొరికితే జన్మలో మళ్ళీ అడుగుపెట్టనివ్వరు. అమ్మ ఫారం కూడా దాంతోపాటే పోతుంది, ఇద్దరిదీ ఒకే కుటుంబం కింద పెట్టాం."

"అలాగైతే అవునని పెట్టు, గ్యారంటీ."

"పెడితే పోయినసారి అబద్ధం చెప్పినట్టు ఒప్పుకున్నట్టు కదా?"

గ్యారంటీ కాసేపు జలపాతం వైపు చూశాడు. "అవును, అదొకటుంది" అన్నాడు. ఆయన నోట గ్యారంటీ లేకుండా వచ్చిన మొదటి వాక్యం అది.

తిరిగొచ్చేటప్పుడు నాన్న ముందు నడిచాడు. ఇంటి మలుపు దగ్గర ఆగాడు. "ఆ వీసా వచ్చాక నిద్రపట్టలేదమ్మా. అక్కడ దిగగానే పట్టుకుంటారేమో, అందరి ముందూ అడుగుతారేమో అని. నడుం నొప్పేం లేదు."

"మరి ఆ వేడినీళ్ళ సంచీ?"

"కాలింది" అన్నాడు నాన్న.

*

అవునని పెట్టాలంటే కోర్టు తీర్పు నకలు కావాలి. కోర్టు రికార్డు గదిలో గుమాస్తా ఒకాయన ఉన్నాడు. నేను ఆఫీసుకి సెలవు పెట్టినప్పుడల్లా ఆయన కూడా సెలవు పెట్టేవాడు. చివరికి నేనూ నాన్నా కలిసి వెళ్ళిన రోజు దొరికాడు.

"ఇంత పాతవి ఉండవమ్మా."

"లేవని రాసివ్వండి."

"లేవని రాయాలంటే వెతకాలి."

"వెతకండి."

"వెతకాలంటే కేసు నంబరు కావాలి."

"నంబరు తీర్పు మీద ఉంటుంది కదండీ."

"అవును, తీర్పు తీసుకురండి" అన్నాడు.

నేను గోడకి తల బాదుకునే లోపు నాన్న కలగజేసుకున్నాడు. నంబరు గురించి కాదు. గుమాస్తా జేబు మీద నీలం మచ్చ చూశాడు. "ఇంకు కదూ? దాని మీద ఏం పోశారు? పాలా? పొయ్యకండి సార్, రేపు షాపుకి పంపండి." మచ్చ పోయింది. తీర్పు దొరికింది. అందులో నాన్న వయసు తప్పు, వీధి తప్పు, కోటు రంగు మాత్రం సరిగ్గా రాశారు.

ఇక మిగిలింది ఒక్కటే, అన్నిట్లోకీ అదే పెద్దది. ఆహ్వానించేవాళ్ళకి ఈ శిక్ష సంగతి తెలుసని వాళ్ళ సంతకం కావాలట. అంటే పెద్దమ్మకి చెప్పాలి. పెద్దమ్మకి చెప్పాలంటే ముందు అమ్మకి చెప్పాలి.

"నువ్వు చెప్పమ్మా. నీకు బాగా చెప్పడం వచ్చు" అన్నాడు నాన్న.

"నేను ఫారాలు నింపుతాను నాన్నా. కాపురాలు నింపను."

"అయితే వచ్చే వారం చెప్తా."

"శుక్రవారం లోపు పంపకపోతే ఫైలు మూసేస్తారు. పెద్దమ్మ కళ్ళకి వచ్చే వారాలు లేవు."

శుక్రవారం మధ్యాహ్నం అమ్మ భోజనం క్యారేజీ తీసుకుని షాపుకి వచ్చింది. ఎప్పట్లాగే కౌంటరు వెనక కూర్చుని, పొద్దున వచ్చిన చొక్కాలకి నంబరు పీలికలు పిన్ను చేయడం మొదలుపెట్టింది. నేను లాప్‌టాప్ తెరుచుకుని మూల స్టూలు మీద ఉన్నాను. నాన్న షట్టరు సగం దించి వచ్చాడు.

"ఒక కోటు గురించి చెప్పాలి."

"ఎవరిది?" అంది అమ్మ తలెత్తకుండా. "ఆ ఎర్రమందాయనదేనా? పోలేదా?"

"ఆయనది కాదు."

"ఏం పడింది?"

"ఏం పడలేదు."

"మరి? ఎప్పటిది?"

నాన్న చేతులు తుడుచుకున్నాడు. అవి తడిగా లేవు. "మీ ఇంటికి మొదటిసారి వచ్చినప్పటిది. నీలం ఉన్నిది."

అమ్మ చేతిలో పిన్ను ఆగింది. ఆ తర్వాత నాన్న చెప్పిందంతా ప్రెస్ శబ్దం లేకుండా చెప్పాడు. పళ్ళడాక్టరు, బెంచీ, ఒప్పుకోవడం, రెండు వారాలు. ట్రైనింగు లేదన్నాడు. నడుం నొప్పి గురించి కూడా చెప్పేశాడు, అడక్కుండానే. బయట ఎవరో షట్టరు కొట్టి, పలక్కపోతే వెళ్ళిపోయారు.

"అప్పుడే నేను అడిగాను" అంది అమ్మ.

"అడిగావు."

"మా అక్క చెబితే, మీరు ట్రైనింగు నుంచి రాగానే వచ్చి అడిగాను. ఆ కోటు మీదేనా అని."

"అడిగావు."

"మీదే అన్నారు."

నాన్న కౌంటరు మీది రసీదు పుస్తకం సర్దాడు.

"ఇన్నాళ్ళూ దాని మీద ఏం చేశారు?"

"ఏం చేయలేదు" అన్నాడు నాన్న.

అమ్మ తలూపింది. మిగిలిన చొక్కాలన్నిటికీ పీలికలు పిన్ను చేసింది, ఒక్కటి కూడా వంకర పోకుండా. తర్వాత షట్టరు కింద నుంచి వంగి ఇంటికి వెళ్ళిపోయింది. క్యారేజీ ఎవరూ విప్పలేదు.

*

నేను ఇంటికెళ్ళేసరికి అమ్మ మంచం మీద సూట్‌కేసు పక్కన కూర్చుని ఉంది.

"ఆ రోజు కోటు తీసి తగిలించింది అక్కే" అంది. "లోపలి జేబు దగ్గర నంబరు పీలిక చూసింది. కాలర్‌ది పీకేశాడు గానీ అది మర్చిపోయాడు మీ నాన్న. ఆయన వెళ్ళాక నాతో చెప్పింది, అది లాండ్రీ కోటే, అతనిది కాదు, ఒకసారి ఆలోచించు అని. నేనేమన్నానో తెలుసా? నీకు కుళ్ళు అన్నాను. నీకు సంబంధాలు రావడం లేదని నా దాంట్లో పుల్లలు పెడుతున్నావన్నాను. పెళ్ళికి రావద్దన్నాను. రాలేదది."

అదో పెద్ద కథలే అన్నది ఇదన్నమాట.

"కోటు కోసం కోపం లేదే నాకు. చెప్పుంటే నవ్వేదాన్ని. జైలుకి క్యారేజీ కూడా తీసుకెళ్ళేదాన్ని." సూట్‌కేసు మూత మీద చెయ్యి వేసింది గానీ మూయలేదు. "ఫోను కలుపు."

స్పీకరు పెట్టాను. పెద్దమ్మకి బటన్లు కనపడక ఒకసారి కట్ చేసింది. మళ్ళీ కలిపాను.

"అక్కా, ఒక సంతకం కావాలి."

"దేనికే?"

"మీ మరిదికి అప్పట్లో శిక్ష పడింది. ఆ కోటు గురించి." అమ్మ గొంతు సవరించుకుంది. "ఆ కోటు ఆయనది కాదక్కా."

అవతల ఏదో గిన్నె చప్పుడు ఆగింది.

"నాలుగొందల పదిహేడు" అంది పెద్దమ్మ.

"ఏంటి?"

"పీలిక మీద నంబరు. ఎన్నిసార్లు తల్చుకున్నానో. నేనే సరిగ్గా చూడలేదేమో, తప్పు చూసి నీ మనసు విరిచానేమో అని."

అమ్మ కొంగలా మెడ చాచి ఫోన్‌కి దగ్గరగా వంగింది. పెద్దమ్మే అంది. "సంతకం పెట్టే చోట గీత లావుగా గీయించి పంపు. సన్నవి కనపడ్డం లేదు."

గీత నేను గీశాను. నల్ల స్కెచ్ పెన్నుతో, రోడ్డు మీద వేసినట్టు. సంతకం తిరిగి రాగానే, ఇరవై నిమిషాలకి ఇంకా కాస్త మిగిలుండగానే "సమర్పించు" నొక్కాను.

*

ఆ తర్వాతి రోజులు దేవుడా. ఒకే బల్ల దగ్గర ఇద్దరూ, మధ్యలో నేను.

"మీ నాన్నకి చెప్పు, కూర చల్లారుతోందని."

"వినపడిందని చెప్పమ్మా."

"విన్నవాళ్ళు తినొచ్చు కదా అని చెప్పు."

"నేను ఆఫీసుకి వెళ్తున్నాను" అని చెప్పాను ఇద్దరికీ.

జవాబు ఒకే రోజు వచ్చింది ఇద్దరికీ. అమ్మకి వీసా వచ్చింది. నాన్నకి రాలేదు. కారణం కూడా రాశారు. శిక్ష చాలా పాతది, చాలా చిన్నది, దాని గురించి అభ్యంతరం లేదు. అభ్యంతరం పోయినసారి పెట్టిన "లేదు" గురించి. కొన్నేళ్ళాగి మళ్ళీ అడగొచ్చు.

నాన్న అది రెండుసార్లు చదివించుకున్నాడు. "మరక కాదట, ఇస్త్రీ అట" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. గ్యారంటీకి ఫోన్ చేసి అరిచాను. "వచ్చేసారి వచ్చేస్తుందమ్మా" అన్నాడు, ఆ తర్వాతి మాట పూర్తికాకుండానే ఫోను పెట్టేశాను.

అమ్మ వెళ్ళనంది. తనకి విమానంలో బెల్టు పెట్టుకోవడం రాదంది. దారి తప్పిపోతానంది. ఇదంతా నాతోనే అంది, నాన్న పక్కనే ఉన్నాడు.

"వెళ్ళమని చెప్పు మీ అమ్మకి" అన్నాడు నాన్న. "నా వల్ల ఒకసారి వాళ్ళక్క మా పెళ్ళికి రాలేదు. మళ్ళీ నా వల్ల ఈవిడ వెళ్ళకపోవడమేంటి?"

మర్నాడు పొద్దున అమ్మ తన పాత ఊదారంగు కోటు చంకన పెట్టుకుని షాపుకి వెళ్ళింది. ఆఫీసుకి పోతూ నేనూ ఆగాను. అమ్మ కౌంటరుకి అవతల, అందరూ నిలబడే వైపు నిలబడింది. కోటు నాన్న ముందు పెట్టింది. పెద్దమ్మ దగ్గర వేసవిలో కూడా చలట.

నాన్న చేతిమడత దగ్గర మరక చూశాడు. అలవాటు కొద్దీ నోరు జారింది. "ఏం పడింది?"

"టీ."

"ఎప్పుడు?"

"మొన్న. మీ మీద కోపంలో కప్పు విసురుగా పెడితే ఒలికింది."

"దాని మీద..." నాన్న ఆగాడు.

"ఏం చేయలేదు" అంది అమ్మ. "మీ దగ్గరికే తెచ్చా."

నాన్న రసీదు చింపాడు. నిజంగానే చింపాడు, నంబరు వేసి. అమ్మ దాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది.

అమ్మ ఒక్కతే వెళ్ళింది. బెల్టు పెట్టుకోవడం పక్క సీటావిడ నేర్పిందట, దిగేసరికి ఆవిడ కోడలి సంగతులన్నీ అమ్మకి తెలుసు. వేసవి అయిపోతుండగా ఒక ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ చేసింది. షాపు మూసి ఉంది, నేనూ నాన్నా ఇంట్లోనే ఉన్నాం. తెర మీద ఇద్దరు అక్కచెల్లెళ్ళు, అవే గడ్డాలు, అవే ముక్కులు. పెద్దమ్మ తల పక్కకి తిప్పి కూర్చుంది, మమ్మల్ని చూడ్డానికి.

"ఎవరది, మరిదిగారేనా?"

"నేనే వదినగారూ."

"ఏదో తెల్లగా తెలుస్తోంది. చొక్కానా?"

"చొక్కానే."

"ఆ చొక్కా అయినా సొంతమేనా?"

నేను నాన్న వైపు చూడలేకపోయాను. ఆయన లేచి నిలబడ్డాడు. పైగుండీ విప్పి, కాలర్ వెనక్కి తిప్పి, మెడ వంచి ఫోన్‌కి దగ్గరగా పెట్టాడు.

"ఏం చేస్తున్నాడే?" అంది పెద్దమ్మ.

"కాలర్ తిప్పి చూపిస్తున్నారక్కా."

"నాకేం కనపడుతుంది? నువ్వు చూడు. నంబరుందా?"

అమ్మ ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. తెర నిండా అమ్మ కళ్ళే. తొందరపడలేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా కుట్టు కుట్టూ చూసింది. నాన్న వంచిన మెడ వంచినట్టే ఉన్నాడు.

"లేదక్కా. నేను చూశాను."

"సరేలే" అంది పెద్దమ్మ. "నువ్వు చూశావుగా."

కాల్ అయిపోయాక కూడా నాన్న కాసేపు కాలర్ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"వదిలెయ్ నాన్నా" అన్నాను. "నలుగుతుంది."